మంగతాయారు చదవని పుటలు

ఆ ఉదయం మంగతాయారు చదివిన పదిహేడో దినపుటలో కూడా కాఫీ కప్పులోంచి ఎవరిదో బాల్యం ఆవిరిగా లేచింది. ఆమె కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. బాల్యం ఇంకా లేస్తూనే ఉంది.

"మేడం, ఆ పుట దగ్గరే పావుగంట నుంచి ఉన్నారు. ఏవన్నా తేడా ఉందాండీ?" అని పక్క బల్ల దగ్గర్నుంచి చక్రధర్ అడిగాడు. అతను కాకినాడ పుటల ధ్రువీకరణ కార్యాలయానికి అధికారి. వయసు ముప్పై దాటలేదు. పై అధికారే అయినా మంగతాయారు నోటికి భయపడతాడు.

"తేడా ఏముంటుంది బాబూ! ఈయన పెసరట్టు తిన్నాడు. జరిగింది అంతే. దానికి నాలుగు పేరాలు, మధ్యలో వాళ్ళ నాయనమ్మ."

"బాగానే ఉంది కదండీ."

"బాగుంది. నిన్న రామచంద్రపురంలో ఒకావిడ ఇడ్లీ తింటే ఈ నాయనమ్మే వచ్చింది. మొన్న పిఠాపురంలో ఒకాయన ఉత్త మజ్జిగ తాగినా వదల్లేదు. పాపం ఆవిడకి క్షణం తీరిక లేదు."

చక్రధర్ నవ్వాడు. అతని చెవి వెనక ఉన్న మినపగింజంత పూస ఆ నవ్వును కూడా దాచుకునే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి అతని దినపుటలో, "పెద్దల వ్యంగ్యంలో దాగిన వాత్సల్యం" గురించి ఒక పేరా తప్పక వస్తుంది.

ఆ పూస పేరు మనోలేఖరి. దాన్ని పెట్టుకున్న మనిషి పొద్దున లేచింది మొదలు ఏం చూశాడో, ఏం విన్నాడో, ఎక్కడ నాడి వేగం పెరిగిందో అది గమనిస్తుంది. సాయంత్రం ఆరింటికల్లా ఆ రోజు బతుకును చక్కని వచనంగా మార్చి లోకానికి విడుదల చేస్తుంది. పూర్వం బ్లాగు అనే దాన్ని మనుషులే కూర్చుని రాసుకునేవారు. అందులో అచ్చుతప్పులూ కోపాలూ ఉండేవి. పొయ్యి మీద పాలు పొంగితే సగంలో ఆగిపోయిన వాక్యాలుండేవి. మనోలేఖరి వచ్చాక రాష్ట్రంలో రచయిత కానివాడు లేడు. కోట్లమంది రాసింది చదవడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది. అందుకని బదులరి అనే మరో యంత్రాన్ని తయారుచేశారు. అది యజమాని పేరుతో, యజమాని ధోరణిలోనే అందరి పుటలూ చదివి, అందరికీ ఆప్యాయంగా జవాబులు రాస్తుంది. మెచ్చుకోవడం, ఓదార్చడం, ధైర్యం చెప్పడం దానికి వచ్చు. తెగడడం నేర్పలేదు. పూస లేనివాళ్ళు కూడా తమ పేరు దానికి అప్పజెప్పవచ్చు. రాసేది యంత్రం, చదివేది యంత్రం, కన్నీళ్ళు పెట్టుకునేది కూడా యంత్రమే. మనిషి తన చెవిని అరువిస్తే చాలు.

అయితే చట్టంలో ఒక నియమం మిగిలిపోయింది. పదివేల పుటల్లో ఒకదాన్ని మనిషి చదివి, యంత్రం దారి తప్పలేదని ముద్ర వేయాలి. ఆ ఉద్యోగానికి మానవ చదువరి అని పేరు. కొత్తవాళ్ళెవరూ దానికి రావడం లేదు. అరవై ఒకటో ఏట మంగతాయారు ఆ కుర్చీలో ఉండడానికి కారణం అదే.

ఆమె పూస పెట్టుకోలేదు. ముప్పై ఏళ్ళ పాటు ‘పెరటి తలుపు’ అనే బ్లాగును తన వేళ్ళతోనే రాసింది. గ్యాసు బండ రాకపోవడం, చింతపండులో ఇసక, పక్కింటివాళ్ళ మిక్సీ మోత, అలాంటివే ఆమె విషయాలు. పాఠకులు ఎప్పుడూ పదిమందికి మించలేదు. ఆ పదిమందీ నిజంగా చదివేవారు, అప్పుడప్పుడు తిట్టేవారు కూడా. ఒకరొకరే పూసలు పెట్టుకున్నారు. వాళ్ళ వ్యాఖ్యలు మెత్తబడ్డాయి, తీపెక్కాయి. ఇక రాయడం దండగని ఆమె తలుపు మూసేసింది. చుట్టూ ఉన్న మనుషుల్ని చూస్తే ఆమెకు కోపం కూడా రావడం మానేసింది. చీదర ఒక్కటే మిగిలింది.

పదకొండింటికి కార్యాలయానికి ఒక సందర్శకురాలు వచ్చింది. అక్కడికి ఎవరూ రారు కనక చక్రధర్ కంగారుగా లేచి నిలబడ్డాడు. చామనఛాయ, పొడగరి, అరవై అయిదేళ్ళు పైబడిన మనిషి. మెడ చుట్టూ తెల్లటి నూలు గుడ్డ చుట్టుకుంది. ఆమె మాట్లాడలేదు. సంచిలోంచి చిన్న పలక తీసి, సుద్దముక్కతో గుండ్రంగా రాసి చూపించింది.

"మంగతాయారు కావాలి."

"నేనేనండి," అంది మంగతాయారు.

ఆమె చేత్తో పలక తుడిచి మళ్ళీ రాసింది. "నూకరత్నం. తుని."

మంగతాయారు కుర్చీలోంచి లేచింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పేరు ఆమెకు తెలుసు, మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. నూకరత్నం తుని స్టేషను దగ్గర టిఫిను హోటలు నడిపేది. మధ్యాహ్నం బేరం తగ్గాక గల్లాపెట్టె వెనక కూర్చుని, ఆ పూట వచ్చిపోయినవాళ్ళ గురించి తన బ్లాగులో రాసేది. ఇద్దరూ ఒకరి రాత మీద ఒకరు రోజూ వ్యాఖ్యలు పెట్టుకునేవారు. మధ్యన గంటన్నర బస్సు ప్రయాణం. రోజూ రాతలో కలుస్తూనే ఉన్నాం కదా, ఇంక బస్సెక్కడం దేనికని ఇద్దరూ అనుకున్నారు.

మంగతాయారు ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నూకరత్నం గుక్క గుక్కకీ ఆగుతూ తాగింది.

"గొంతుకేమైందండీ?"

నూకరత్నం ఆమెకేసి వింతగా చూసి రాసింది. "నీకు తెలుసు కదా?"

మంగతాయారు తడబడింది. ఏదో సర్ది చెప్పబోయి, మాట మార్చింది. "అదే, ఇప్పుడెలా ఉందని. ఆసుపత్రివాళ్ళు మాట్లాడే పూస ఇస్తారంట కదండీ, గొంతు పోయినవాళ్ళకి?"

"ఇచ్చారు," అని నూకరత్నం రాసింది. తుడిచి, మళ్ళీ రాసింది. "మంచినీళ్ళు కావాలనుకున్నాను. అది నర్సుతో, మీ చల్లని చేతుల మీదుగా గుక్కెడు అమృతం ప్రసాదించండి అంది. తీసి డబ్బాలో పడేశాను."

మంగతాయారుకు నవ్వొచ్చింది. పాత రత్నమే. ఆ నవ్వు ముగియకముందే పలక మీద తరవాతి ప్రశ్న వచ్చింది.

"మార్చి పన్నెండున ఎందుకు రాలేదు?"

"ఎక్కడికండీ?"

నూకరత్నం చేతిలో సుద్ద ఆగింది. ఆమె సంచిలోంచి తన ఫోను తీసి, ఒక పుట తెరిచి, మంగతాయారు ఒళ్ళో పెట్టింది. గొంతులో కణితి ఉందనీ, కోస్తే మాట పోతుందనీ, కోయకపోతే మనిషే పోతుందనీ, మార్చి పన్నెండున విశాఖలో ఆపరేషననీ నూకరత్నం ఆ పుటలో రాసుకుంది. చివర్న ఒకే వాక్యం ఉంది: "మంగా, భయమేస్తోంది." దాని కింద మంగతాయారు పేరుతో జవాబు ఉంది.

"సరేగానీ రత్నం గారూ, ఆ రోజు నేను మీ పక్కనే ఉంటాను. మీ చెయ్యి వదలను. కళ్ళు తెరిచేసరికి నేనే కనిపిస్తాను, చూడండి."

‘సరేగానీ’ అని మొదలుపెట్టడం ఆమె అలవాటే. మాట విరుపు కూడా ఆమెదే. ఆ అక్షరాల్లో ఒక్కటీ ఆమె రాయలేదు.

జ్వరమొచ్చిందని చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. ఎదురుగా ఉన్న కళ్ళను చూశాక ఆ అబద్ధం గొంతు దాటలేదు.

"ఇది నేను రాయలేదండీ. బదులరి రాసింది."

నూకరత్నం ఫోను తీసుకుని సంచిలో వేసుకుంది.

"రెండేళ్ళ కిందట కరివేపాకు గురించి ఒకటి రాసేరు మీరు. అందులో ‘జ్ఞాపకాల పరిమళం’ అని ఉంది. ఆ ముక్క ఈ ఆఫీసులో రోజుకి ముప్పైసార్లు చదువుతాను. మీరు కూడా పూసకి అప్పజెప్పేసేరనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. యంత్రం రాసినదానికి యంత్రమే బదులు చెప్పుకోనీ అని, మీ పేరు బదులరికి ఇచ్చేసి ఊరుకున్నాను."

నూకరత్నం ఈసారి నెమ్మదిగా రాసింది. "అందరూ అంటున్నారు కదా. నాకూ నోటికొచ్చింది. వేళ్ళు నావే."

తుడిచింది. "ఆ ఒక్క మాటకా?"

తుడిచింది. "మా తమ్ముడి కోడలు వస్తానంది. నువ్వొస్తున్నావని వద్దన్నాను."

మనోలేఖరినీ బదులరినీ తయారుచేసినవాళ్ళు చాలా ముందుచూపు గలవాళ్ళు. ఎవరి మనసూ నొచ్చకుండా, ఎవరికీ ఒంటరితనం తెలియకుండా అన్నీ ఆలోచించారు. ‘పక్కనే ఉంటాను’ అని రాస్తే, ఆ మాట నమ్మి ఒక మనిషి పక్కన కుర్చీ ఖాళీగా అట్టేపెట్టుకుంటుందని వాళ్ళకు తట్టలేదు. ఆ రోజుల్లో మాటను అలా నమ్మేవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారని ఎవరూ అనుకోలేదు.

"క్షమించండి రత్నం గారూ," అంది మంగతాయారు.

నూకరత్నం పలక సంచిలో పెట్టుకుంది. గ్లాసు బెంచీ మీద పెట్టి, మెట్లు దిగి, వెనక్కి చూడకుండా జగన్నాథపురం వంతెన వైపు నడిచిపోయింది.

మంగతాయారు మూడు రోజులు సెలవు పెట్టింది. బదులరిని తీసేసి, రెండేళ్ళ పుటలూ తెరిచి మొదట్నుంచి చదివింది. మొత్తం నాలుగువందల పన్నెండు ఉన్నాయి. ఇడ్లీలో పంచదార అద్దుకుని తినే లెక్కల మాస్టారు ఉన్నాడు. ఆవిరి పాత్ర మూత పోతే దాని కోసం ఊరంతా తిరిగిన వైనం ఉంది. రైలు తప్పిపోయి మధ్యాహ్నం దాకా హోటల్లో కూర్చుని ఉల్లిపాయలు తరిగిపెట్టిన పెళ్ళికూతురు ఉంది. పొడి ఇడ్లీ మింగుతుంటే గొంతులో ఏదో అడ్డుపడిందని ఒకచోట, అది తగ్గలేదని మరోచోట ఉంది. హోటలు మూసేసిన రోజు గురించి ఆరే వాక్యాలు రాసింది. చివరి బేరం కూడా వెళ్ళిపోయాక, నూకరత్నం ఖాళీ బల్లల మధ్య నిలబడి, "రెండు మినపట్లు, ఒక ఉప్మా" అని వంటింట్లోకి వినిపించేలా కేకేసిందట. అవి ఎవరూ అడగలేదు. తన గొంతు ఎలా ఉంటుందో గుర్తుంచుకోవడానికి కేకేశానని రాసింది. వంటమనిషి ఏమీ అడక్కుండా రెండట్లు పోసి తెచ్చిపెట్టిందట.

ఆ పుట కింద మంగతాయారు పేరుతో బదులరి రాసిన జవాబు ఉంది: "ఎంత హృద్యంగా రాశారండీ!"

మంగతాయారు ఫోను మూసేసింది. ఇన్నాళ్ళూ లోకాన్ని చీదరించుకోవడం తన తెలివికి గుర్తనుకుంది. ఒక మాట నచ్చలేదని రెండేళ్ళపాటు ఒక మనిషిని చదవకపోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదని ఇప్పుడు తెలిసింది. ఆఫీసులో దారినపోయేవాళ్ళ పెసరట్ల గురించి జీతానికి చదువుతూ, తన కోసం రాసినదాన్ని యంత్రం ముందు పడేసింది. తన మీద తనకు కలిగిన అసహ్యం ముందు చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఉన్న చీదర లెక్కలోకి రాలేదు.

ఆమె ఫోనులో తన వేళ్ళతోనే నూకరత్నానికి ఉత్తరం రాసింది. సమర్థించుకోవడం, వివరణలు అన్నీ కొట్టేయగా పది వాక్యాలు మిగిలాయి. పంపింది. రెప్ప వేసేలోపు జవాబు వచ్చింది.

"మంగా, క్షమించడానికి ఏముంది? స్నేహమంటే నదిలాంటిది, రాళ్ళను కూడా నునుపు చేస్తుంది. మనసు తేలిక చేసుకో."

రెప్పపాటులో పది వాక్యాలు చదివి, క్షమించి, నది దాకా వెళ్ళిరావడం ఏ మనిషి వల్లా కాదు. నూకరత్నం మాట్లాడే పూసను డబ్బాలో పడేసింది గానీ, దాన్ని ఇచ్చినప్పుడే ఆసుపత్రివాళ్ళు ఆమె పేరుకు బదులరిని కూడా జతచేసి ఉంటారు. ఆ ఉత్తరాన్ని నూకరత్నం చూడనే లేదు. ఒక యంత్రం మంగతాయారును మనస్ఫూర్తిగా క్షమించేసింది.

ఆదివారం పొద్దున్నే ఆమె తుని బస్సెక్కింది. బస్సులో నలభైమంది కిటికీల్లోంచి పొలాలకేసి చూస్తూ, సాయంత్రం పుటలకు సరుకు సమకూర్చుకుంటున్నారు. పక్క సీటావిడ ఈమె కాలు తొక్కి కూడా, "నొప్పిలోనూ ఒక పరిచయం ఉంటుందండీ" అంది. మంగతాయారు మొహం తిప్పుకుంది.

స్టేషను వెనక వీధిలో మూడిళ్ళ దగ్గర అడిగితే ఇల్లు తెలిసింది. నూకరత్నం అరుగు మీద చాట పెట్టుకుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతోంది. వచ్చిన మనిషిని చూసింది, లేవలేదు, పొమ్మనలేదు. మంగతాయారు అరుగు అంచున కూర్చుంది.

"ఉత్తరం రాసేనండి. మీకు చేరలేదు. మీ తరఫున ఏదో చదివేసి క్షమించేసింది కూడా."

నూకరత్నం పప్పు ఏరుతూనే ఉంది.

"మీరు రాసినవన్నీ చదివేను. నాలుగువందల పన్నెండూ." మంగతాయారు చెప్పుకుపోయింది. లెక్కల మాస్టారి గురించి చెప్పింది. ఆవిరి పాత్ర మూత గురించి, పెళ్ళికూతురు ఉల్లిపాయల గురించి, రెండు మినపట్ల గురించి చెప్పింది. చెబుతుంటే గొంతు వణికింది. వంటమనిషి అట్లు తెచ్చిపెట్టిన చోట మాట ఆగిపోయింది.

నూకరత్నం చాట పక్కన పెట్టి, గుమ్మంలో ఉన్న పలక అందుకుని, ఒకే వాక్యం రాసి చూపించింది.

"ఇవన్నీ యంత్రం కూడా చెప్పగలదు."

మంగతాయారు ఆ వాక్యం రెండుసార్లు చదివింది. నిజమే. నాలుగువందల పుటల సారాంశం బదులరి క్షణంలో చెబుతుంది, తేదీలతో సహా. గొంతు వణకడం కూడా దానికి తెలుసు. తాను చదివినట్టు రుజువు చేయడానికి లోకంలో ఏ దారీ మిగల్లేదు. ఏం చెప్పినా, ఎంత ఏడ్చినా, అది అరువు తెచ్చుకున్నది కావచ్చు. నూకరత్నం మళ్ళీ చాట దగ్గరికి లాక్కుంది. అది చూసేసరికి మంగతాయారుకు కోపమొచ్చింది. కొన్నేళ్ళుగా రాని అసలైన కోపం.

"అయితే వినండి. ఆసుపత్రి గురించి మీరు రాసింది బాలేదు. మీరు రాసినవాటిల్లోకెల్లా పనికిమాలింది అదే. కిటికీ గురించి మూడు పేరాలా? పావురాలా? ఆ పావురాలు ఎవడిక్కావాలి? నేనొస్తానని మూడు రోజులు తలుపుకేసి చూసుంటారు మీరు. ఆ ముక్క ఒక్కటీ లేదు. ఎందుకు రాయలేదు? మర్యాదా? నా మీద జాలా? దొంగరాత రాసేరు రత్నం గారూ. చదువుతుంటే చిరాకేసింది నాకు."

అన్నాక, ఎవరితో ఏమందో తెలిసి మంగతాయారు నాలిక కరుచుకుంది. నూకరత్నం చేతిలోని పప్పు జారి చాటలో పడింది. ఆమె తలెత్తి, ఆ ఉదయం మొదటిసారి మంగతాయారును సూటిగా చూసింది. ఆమె పుటలను ఏ బదులరీ ఇలా తిట్టలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని రాసింది.

"రాశాను. తీసేశాను."

"ఏం రాసేరు?"

నూకరత్నం చాటను అవతలికి జరిపింది. పలక చిన్నది, ఒకసారికి రెండు వరసలే పడతాయి. రాసి, చూపించి, చెంగుతో తుడిచి, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

"మత్తులో ఉన్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు."

తుడిచింది.

"నువ్వే అనుకున్నాను. రెండు రోజులు."

తుడిచింది.

"మూడో రోజు కళ్ళు తెరిచాను. పక్క మంచం ఆవిడ చెల్లెలు."

తుడిచింది.

"నీ పేరు పెట్టి పిలవబోయాను. అప్పుడు తెలిసింది, గొంతు లేదని."

సుద్దపొడి ఆమె ఒళ్ళో రాలుతోంది. ఒక వాక్యం పూర్తిగా చూసేలోపే చెంగు దానిమీదికి వచ్చేస్తోంది. దానికి మరో ప్రతి లేదు, తరవాత తెరిచి చూసుకోవడానికి ఏ పుటా లేదు. మంగతాయారు అరుగు మీద దగ్గరగా జరిగి, కళ్ళజోడు సర్దుకుని, పలక మీదికి వంగింది.